పొత్తికడుపులో థైరాయిడ్ గడ్డ

మెడలో ఉండాల్సిన థైరాయిడ్‌కు అండాశయంలో ఏం పని? మా పాథాలజీ విభాగంలో రిపోర్టు తీసుకోవడానికొచ్చిన వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

డెర్మాయిడ్ సిస్ట్ అనే గడ్డ, అండంగా మారాల్సిన కణం నుంచి పుడుతుంది. ఆ కణానికి ఒంట్లో ఏ భాగాన్నైనా తయారుచేసే శక్తి ఉంది. అందుకే ఆ గడ్డను కోస్తే వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు కూడా బయటపడతాయి. చేతబడి అనుకుని హడలిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అదేం కాదమ్మా. అందులో సగానికి మించి థైరాయిడ్ కణజాలమే ఉంటే స్ట్రూమా ఒవేరీ అంటాం. అదే అరుదు. అందులోనూ క్యాన్సరయ్యేవి నూటికి సుమారు 5 నుంచి 10.

స్కానింగ్ చూసి ఇదీ అని తేల్చడం కష్టం. క్యాన్సర్ లేకపోయినా పొట్టలో నీరు చేరొచ్చు, రక్తంలో క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 125 పెరగొచ్చు. కొద్దిమందికి గుండెదడ, చేతుల వణుకు ఉంటాయి. సూది గుచ్చి చూద్దామంటే గడ్డలోది పొట్టలోకి చిందే ప్రమాదముంది. కాబట్టి అసలు సంగతి ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది.

కోసిన గడ్డలో గోధుమరంగులో మెరిసే జిగురు భాగం కనబడితే అక్కడ ఎక్కువ ముక్కలు తీస్తాం. క్యాన్సర్ పాపిలరీ రకమైతే కణాల కేంద్రకాలు ఆవిరి పట్టిన అద్దంలా పాలిపోయి, మధ్యలో గాడి పడి ఉంటాయి. ఫోలిక్యులర్ రకమే మమ్మల్ని ముప్పుతిప్పలు పెడుతుంది. మెడలోని గడ్డకైతే చుట్టూ పొర ఉంటుంది, దాన్ని చీల్చుకుని వచ్చిందా లేదా చూస్తాం. ఇక్కడ ఆ హద్దు ఉండదు. రక్తనాళాల్లోకి, పక్కనున్న కణజాలంలోకి చొరబడిందేమో వెతకాలి. చూడ్డానికి మామూలు థైరాయిడ్‌లాగే ఉండి, పొట్టలో మరోచోట తేలేవీ ఉన్నాయి. థైరోగ్లోబ్యులిన్, టీటీఎఫ్ 1 రంగు పరీక్షలు ఇది థైరాయిడ్ కణజాలమేనని చెబుతాయి, క్యాన్సర్ అవునో కాదో చెప్పవు. ఆ తేడా చాలామందికి తెలియదు. అవసరమైతే బీఆర్ఏఎఫ్, ఆర్ఏఎస్ జన్యుపరీక్షలు చేయిస్తారు.

క్యాన్సరని తేలితే మెడకు కూడా అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. అక్కడి క్యాన్సరే కిందికి పాకడం చాలా అరుదు, అయినా ఆ అనుమానం తీరాలి.

డెర్మాయిడే కదా, పరీక్షకు డబ్బు దండగ అని ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకండి. తీసిన ప్రతి గడ్డా ల్యాబుకు వెళ్లాలి. రిపోర్టులో క్యాన్సరని ఉంటే కంగారుపడి వెంటనే రెండో ఆపరేషన్‌కు తలూపొద్దు. స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకుని, ఇలాంటివి చూసిన అనుభవమున్న పాథాలజిస్టుకు మళ్లీ చూపించండి. మిగిలిన క్యాన్సర్ కణాలను చంపే రేడియో అయోడిన్ మందు ఇవ్వాలంటే మెడలోని మంచి థైరాయిడ్‌ను ముందు తీసేయాలి, లేకపోతే మందు చాలావరకు అదే లాగేసుకుంటుంది. అందుకే ఆ మందును అందరికీ ఇవ్వరు. చాలామంది బాగానే కోలుకుంటారు. కానీ కొందరిలో ఏళ్ల తర్వాత కూడా తిరగబెడుతుంది కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకల్లా చూపించుకుంటూ, ఆ ఫైలు ఇల్లు మారినా వెంట తీసుకెళ్లండి.