ట్రాక్టరు బీమా: ఫోనులో చెల్లింపు



బీమా లేని బండిని రోడ్డెక్కించరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెప్పుచున్నది. గడువు దాటిన మరునాడే ప్రమాదం జరిగిందనుకోండి. దెబ్బ తిన్నవారికి ఇచ్చే పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. పొలం అమ్ముకోవలసి రావచ్చును.

ఇప్పుడు ప్రీమియం ఇంటినుంచే ఫోనులో కట్టవచ్చు. పట్నం పోయే ఖర్చు లేదు, పని చెడదు. అయినా కొందరు జంకుతారు. చేతికి కాగితం రాదని ఒకరు, సొమ్ము దొంగల పాలవుతుందని మరొకరు, కష్టం వచ్చిన నాడు అడగడానికి ఏజెంటు ఉండడని ఇంకొకరు. ఇవి ఊరికే పుట్టిన భయాలు కావు. వీటికి ఉపాయాలున్నవి.

ఎవరో పంపిన లింకు నొక్కవద్దు. బీమా కంపెనీ సొంత వెబ్‌సైటులోనే కట్టండి. సొమ్ము కట్టగానే సరిపోదు, పాలసీ అందవలెను. అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, మొదలయ్యే తేదీ సరిచూడండి. ట్రెయిలరు కూడా చేరినదో లేదో చూడండి. డిజిలాకర్‌లో పాలసీ చూపినా చెల్లుతుంది. మోసపోతే వెంటనే 1930కి, కంపెనీ పట్టించుకోకపోతే 155255కి ఫోను చేయండి.

గడువుకు పది రోజుల ముందే కట్టండి. సిగ్నలు అందకపోయినా, సొమ్ము మధ్యలో నిలిచినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.