నజీరు దొరికాక మొదలయ్యే పని

ఏఐఆర్, ఎస్‌సీసీ, ఐఎల్ఆర్ మద్రాసు అంటే ఏమిటో ఈ సభకు చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి నేను పోట్లాడుతున్న విషయానికే నేరుగా వస్తాను.

తీర్పు దొరకడం వేరు, అది ఇవాళ చెల్లుతుందో లేదో తేల్చుకోవడం వేరు. మొదటి పని క్షణాల్లో అవుతోంది, సంతోషం. 2007 డిసెంబరు 12న ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పుల మూలపాఠం అందరిదీ అని తేల్చింది. మరుసటి ఏడే ఇండియన్ కానూన్ వచ్చింది. 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ మొదలైంది. తాలూకా కోర్టు ప్లీడరుకు ఇంత మేలు ఏనాడూ జరగలేదు. అయితే సంపాదకుడు కష్టపడి రాసిన హెడ్‌నోట్ ప్రచురణకర్త సొత్తుగానే ఉండిపోయింది. ఉచితంగా వచ్చేది చాలావరకు మూలపాఠమే. అందులో ఏ అంశం నిర్ణయమో, ఏది మాటవరసకు అన్నదో చదివేవాడే తేల్చుకోవాలి.

అచ్చు డైజెస్టుకు కాలం చెల్లిందని రాసిన మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. వారికి నాదొక మనవి. వితంతువు దత్తత మీద 1868లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన మధుర కలెక్టరు తీర్పును సేతుపతి పేరుతో, ఈనాటి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెదకండి. మూర్స్ ఇండియన్ అప్పీల్స్ 12వ సంపుటం 397వ పుటలో ఆ పేరు అక్షరాలే వేరు. డైజెస్టులో 'దత్తత' శీర్షిక తీసినవాడికి స్పెల్లింగుతో పనిలేదు. పైగా ఆ పక్కనే ఉన్న, తాను అడగని తీర్పులూ కంటబడతాయి. వాదన మలుపు తిరిగేది చాలాసార్లు అక్కడే.

గుంటూరులో మా సీనియరు గారి దగ్గర ఒక పెద్ద గుమాస్తా ఉండేవారు. కొత్త సంపుటం రాగానే అందులో ఏయే పాత తీర్పులు కొట్టేశారో చూసి, పాత సంపుటాలు దించి మార్జిన్లో ఎర్రసిరాతో గుర్తుపెట్టేవారు. పూర్తిగా పోయిందా, ఒక్క అంశం మీదే పోయిందా అన్నది కూడా రాసేవారు. ఆయన రాత చూడనిదే మా సీనియరు గారు వాదనకు లేచేవారు కాదు. ఈనాడు చందా కట్టే డేటాబేసులు 'ఓవర్‌రూల్డ్' అని గుర్తు చూపుతాయి. ఒక అంశం మీద కొట్టేసిన తీర్పు మరో అంశం మీద నిక్షేపంగా బతికి ఉండవచ్చు. అది ఆ గుర్తులో కనబడదు, రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలుస్తుంది. మా కుర్ర వకీళ్లకు ఇది నేర్పేవారేరీ? 2023లో న్యూయార్కు ఫెడరల్ కోర్టులో యంత్రం కల్పించిన, అసలు లేనేలేని తీర్పులను ఉదహరించినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది. తీర్పు తెరిచి చదివే అలవాటు పోతే జరిగేది అదే.

ఇక మన సంగతి. కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న రోజుల్లోనే, ఏఐఆర్ 1955 ఆంధ్ర 87వ పుటలోని ఫుల్ బెంచి తీర్పు ఒక మాట స్థిరపరిచింది: 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేనాటికి ముందున్న మద్రాసు హైకోర్టు తీర్పులు మనకు శిరోధార్యం. అంటే ఒంగోలు వకీలుకు పాత మద్రాసు సంపుటాలు చరిత్ర పుస్తకాలు కావు, నేటి చట్టమే. ఆ సంపుటాలను బార్ లైబ్రరీల్లో చెదలకు వదిలేస్తున్నాం. తెలంగాణ వైపు పరిస్థితి ఇంకా బాధాకరం. నిజాం కాలపు హైకోర్టు తీర్పులు ఉర్దూలో ఉన్నాయి. ఇనాం, మక్తా భూముల తగాదాల్లో వాటి అవసరం తీరలేదు, చదవగలిగినవారు మాత్రం వేళ్ల మీద లెక్కించేంతమందే మిగిలారు.

అందుకే ఈ మహాసభ రెండు తీర్మానాలు చేయాలని కోరుతున్నాను. ప్రతి జిల్లా బార్ లైబ్రరీ తన దగ్గరున్న పాత సంపుటాల జాబితా, లోపించిన సంపుటాలతో సహా, వచ్చే సభకు పంపాలి. ఉర్దూ తీర్పులకు తెలుగులో విషయసూచిక తయారుచేసే పనిని, ఆ భాష తెలిసిన పెద్దలు ఉండగానే, వారి చేతనే మొదలుపెట్టించాలి. మొదటి సంపుటానికయ్యే ఖర్చు నేను భరిస్తాను.