కథల ఆటలలోని సంగీతమూ, చిత్రకళా – వాటిని నిలుపుకొనే మార్గం



సాంస్కృతికోత్సవంలో కంప్యూటర్ ఆటల మాట ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చును. మలేషియాలో మూడు, నాలుగు తరాలుగా ఉంటున్న మనకు ఒక కళ ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది అన్న ప్రశ్న కొత్తది కాదు. అందుకనే ఈ విషయం ఎన్నుకున్నాము.

మేము చెప్పబోయేది తుపాకుల ఆటల గురించి కాదు. 1980, 1990 దశాబ్దాలలో అమెరికాలో తయారైన అడ్వెంచర్ ఆటల గురించి. సియెర్రా సంస్థవారి కింగ్స్ క్వెస్ట్ 1984లో వచ్చింది. రాబర్టా విలియమ్స్ గారు దానిని రూపొందించారు. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వారి లూమ్, ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్ 1990లో వచ్చాయి. వీటిలో ఆడేవారు కథలో తిరుగుతూ, ఎదురైన వారిని పలకరిస్తూ, చిక్కుముడులు విప్పుకుంటూ ముందుకు పోవాలి. కాశీమజిలీ కథలు విన్న వారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. మేము పాఠశాలలో కంప్యూటర్ సంఘం చూసుకున్న రోజులలో ఒక్క యంత్రం చుట్టూ ఆరుగురు పిల్లలు చేరేవారు. ఇంగ్లీషు పుస్తకం తెరవడానికి బద్ధకించే పిల్లలు కూడా ఈ ఆట కోసం నిఘంటువు తెచ్చుకొని కూర్చునేవారు.

ముందుగా సంగీతం మాట. మొదటి కంప్యూటర్లలోని చిన్న స్పీకరు ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. 1987లో యాడ్‌లిబ్ కార్డు, రోలాండ్ సంస్థవారి ఎం.టి.-32 అనే వాద్యపు పెట్టె వచ్చాయి. 1988లో కింగ్స్ క్వెస్ట్ నాలుగవ ఆటకు విలియం గోల్డ్‌స్టీన్ అనే సంగీతదర్శకుడు ఈ పరికరాలను దృష్టిలో పెట్టుకొని బాణీలు కట్టారు. ఆట డిస్కులో ఉన్నది పాట కాదు, ఏ స్వరం ఎప్పుడు పలకాలో చెప్పే సూచనలు మాత్రమే. ఒకే బాణీ యాడ్‌లిబ్ మీద ఒక తీరుగా, రోలాండ్ మీద మరొక తీరుగా వినిపిస్తుంది. కనుక డిస్కు దాచినంత మాత్రాన సంగీతం దాచినట్లు కాదు. వీణ లేకుండా స్వరలిపి మాత్రమే మిగిలితే ఎలాగో ఇదీ అంతే.

1991లో వచ్చిన మంకీ ఐలండ్ రెండవ ఆటలో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ గార్లు మరొక అడుగు వేశారు. ఆడేవారు ఒక ఇంటిలో నుండి మరొక ఇంటిలోకి పోతే, సంగీతం తెగకుండా ఆ చోటుకు తగినట్లు మారుతుంది. హరిదాసుగారు కథను ఎటు తిప్పితే పక్కవాద్యాలు అటు నడిచినట్లు! అటువంటి సంగీతాన్ని క్యాసెట్టులో ఎక్కిస్తే ఒక్క నడక మాత్రమే మిగులుతుంది. ఆట నడిస్తేనే అది పూర్తిగా బతికి ఉన్నట్లు.

ఇక బొమ్మలు. లూమ్ మొదటి రూపంలో చిత్రకారులకు దొరికినవి 16 రంగులే. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. మార్క్ ఫెరారీ గారు రెండు రంగుల చుక్కలను చదరంగపు గళ్ళవలె పక్కపక్కన పేర్చి, కంటికి మూడవ రంగు తోచేటట్లు చేశారు. నాటి గాజు తెర మీద ఆ చుక్కలు కొంత కలిసిపోయేవి. నేటి తెర మీద ఒక్కొక్కటీ విడిగా కనబడుతుంది. పైగా నాటి తెర మీద చుక్కలు కొంచెం నిలువుగా సాగి ఉండేవి. సరిచేయకుండా నేడు చూపితే గుండ్రని చంద్రుడు అణిగిపోయి కనిపిస్తాడు.

దాచడం ఒకటి, చదవగలగడం మరొకటి. 1998 నాటి గ్రిమ్ ఫండాంగో ఆటను 2015లో పునరుద్ధరించినప్పుడు, పాత టేపులు ఉన్నా, వాటిని చదివే యంత్రం కోసం వెతకవలసి వచ్చింది. ఈ బాధ మనకు తెలియనిదా? మా తాతగారికి స్వగ్రామం నుండి వచ్చిన ఉత్తరాలు మా ఇంట ఇనుప పెట్టెలో భద్రంగానే ఉండేవి. కాగితం చెడలేదు, సిరా చెదరలేదు. చదివేవారే లేరు. సాయంకాలపు తరగతిలో మేము తెలుగు అక్షరాలు దిద్దుకున్న తరువాతనే, ఆ ఏట మామిడి ఎంత కాసిందో, ఎవరి పిల్లకు పెళ్ళి కుదిరిందో ఆ ఉత్తరాలు మాకు చెప్పాయి.

ఈ ఆటలకు కూడా అక్షరాలు నేర్చినవారు దొరికారు. 2001లో లుడ్విగ్ స్ట్రిగియస్, విన్సెంట్ హామ్ అనే ఇద్దరు స్కమ్-వి.ఎం. అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. పాత ఆటల దస్త్రాలను అది కొత్త యంత్రాల మీద నడిపిస్తుంది. తరువాత ఎందరో స్వచ్ఛందంగా చేతులు కలిపారు. రోలాండ్ పెట్టె స్వరాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ కూడా అభిమానులే రాశారు. 2015లో ఇంటర్నెట్ ఆర్కైవ్ 2,400 దాకా పాత డాస్ ఆటలను అందరికీ అందుబాటులో పెట్టింది.

అయినా పని మిగిలే ఉన్నది. 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తెలిపింది. అటువంటి ఆటలను గ్రంథాలయాలు పరిశోధకులకు దూరం నుండి చూపేందుకు అనుమతి కోరగా, 2024లో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. హక్కుదారుల కష్టఫలం కాపాడవలసిందే. కాని అమ్మకుండా, చూపనివ్వకుండా ఉంచితే ఆ కష్టఫలం ఎవరికి మిగులుతుంది?

చివరగా మూడు మనవులు. మీ ఇండ్లలో పాత ఫ్లాపీలు ఉంటే పారవేయకండి. అయస్కాంతపు గుర్తులు ఏళ్ళు గడిచేకొద్దీ మసకబారుతాయి కనుక తెలిసిన పిల్లల చేత వెంటనే నకలు తీయించండి. పెట్టె, పుస్తకం, పటం కూడా దాచండి. మంకీ ఐలండ్ పెట్టెలో వచ్చిన అట్టచక్రం తిప్పి జవాబు చెప్పనిదే ఆ ఆట మొదలే కాదు. ఏ యంత్రం మీద, ఏ సంవత్సరంలో ఆడారో ఒక చీటీ మీద రాసి పెట్టండి.

పిల్లలూ, ఈ పని మీరు మాకంటె బాగా చేయగలరు. అది నేర్చిన చేతులతోనే మన సంఘం బీరువాలో ఉన్న భజన క్యాసెట్లకు, నాటకాల టేపులకు కూడా నకళ్ళు తీయండి. వాటిలో పాడిన వారి పేర్లు తెలిసిన పెద్దలు ఈ సభలోనే కూర్చున్నారు. ఈ రోజే వారి పక్కన కూర్చొని అడిగి రాసుకోండి.