వీధి మనది, తీగ యెవరిది?
(వరాఛాలో జరిగిన సంఘ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



వరాఛా యనగానే వజ్రములు సానపట్టు చక్రములును, చీరల అంగళ్ళును మనస్సునకు వచ్చును. నేడు నేను ప్రస్తావించునది ఒక సన్నని గాజుతీగ. దానిద్వారా ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు. దానిని సమకూర్చుట స్థానిక ప్రభుత్వముల విధియా, కాదా యన్నది ప్రశ్న.

2020లో పాఠశాలలు మూతపడిన దినములలో మా యింట ఇద్దరు పిల్లలకు ఒకేవేళ పాఠములు జరుగుచుండెడివి. వచ్చు ఇంటర్నెట్టు ఒక్కరికే చాలెడిది. "అక్కకు పరీక్షలున్నవి" అని చిన్నవాడు తనంతట తానే లేచిపోయెడివాడు. నెలజీతము గల ఉద్యోగి యింటనే యిట్లున్న, దినకూలిపై బ్రతుకు కార్మికుని యింట నెట్లుండెనో తలపోయుడు.

చట్టరీత్యా టెలిఫోను వంటి సాధనములు కేంద్రము చేతిలోనివి. 1992 నాటి రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29, పురపాలక సంఘములకు 18 విషయములను సూచించినవి. అందు త్రాగునీరు కలదు. ఇంటర్నెట్టు పేరు లేదు. అయినను తీగ సాగవలసిన వీధి ఊరిదే కదా!

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వమే యీ పనికి పూనుకొన్నది. 2016లో కోనసీమలోని మోరి గ్రామమున ఆరంభించి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్‌గారిచే ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభింపజేసినది. నేల త్రవ్వక, విద్యుత్ స్తంభములపైననే తీగ లాగుటచే వ్యయము తగ్గినది. ఆనాడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇవ్వబూనిరి. అమెరికాలోని చాటనూగాలో నగరపు విద్యుత్ సంస్థయే 2010 నుండి అత్యంత వేగముగల ఇంటర్నెట్టును ఇంటింటికి అందించుచున్నది.

కాని తీగ లాగుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు. గాలివానకు స్తంభ మొరిగిన తీగయు నొరుగును. కుళాయి నీరు రాకున్న ఎవరి తలుపు తట్టవలెనో మనకు తెలియును. ఇంటర్నెట్టు రాకున్న ఎక్కడనో యున్న యంత్రపు గొంతుతో మొరపెట్టుకొనవలెను.

పురపాలక సంఘము వ్యాపారము చేయరాదని కొందరి వాదము. అమ్మనక్కరలేదు, మార్గమును తన యధీనమున నుంచుకొని, పాఠశాలకు, గ్రంథాలయమునకు ముందుగా నందించి, జవాబు చెప్పు మనిషిని వార్డులో నియమించిన చాలును. 1994 నాటి ప్లేగు తరువాత ఎస్. ఆర్. రావుగారు కమిషనరుగా నున్నప్పుడు ఈ సూరత్ బాగుపడుటకు అధికారులు ప్రతిదినము వీధులలో తిరుగుట ముఖ్యకారణము. చీపురు విషయమున నేర్చిన పాఠము తీగకును వర్తించును.

ఏ యింటను ఏ తమ్ముడును అక్కకొరకు పాఠము విడిచి లేవనవసరము లేని దినము రావలెనని కోరుచున్నాను.