కారు లోపలి గండములు

మా శ్రీకాకుళమున క్రొత్త కారు కొనినవారు ముందుగా అరసవల్లి పోయి పూజ చేయింతురు. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదురు. ముందద్దమునకు పసుపుకుంకుమలు అలుముదురు. ఆ అద్దమునకు లోపలివైపున, చేతికందు దూరములోనున్న సరంజామాను మాత్రము ఎవరును పరీక్షింపరు. మేమును పరీక్షింపలేదు.

ఒక వానాకాలపు రాత్రి విజయనగరమునుండి కుటుంబముతో తిరిగి వచ్చుచున్నాము. నాతవలసకడ పెద్దరోడ్డెక్కి రణస్థలము సమీపించుసరికి ముందద్దమునకు లోపల ఆవిరి పట్టినది. మా పాత కారులో దీనికొక మీట ఉండెడిది, చూడకయే త్రిప్పెడివారము. క్రొత్తదానిలో అది గాజుతెరపై, బొమ్మల నడుమ ఎక్కడనో దాగియున్నది. వెదకుటకు మూడు సెకనులు పట్టియుండును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున మూడు సెకనులనగా 66 మీటర్లు గ్రుడ్డిగా పోవుట. తలయెత్తునప్పటికి వెనుకదీపములు లేని లారీ యొకటి ఎదుట నిలిచియున్నది. బ్రేకు పట్టినది, బండి ఆగినది. కాని వెనుక కూర్చున్న మా మనుమరాలి బెల్టు కొక్కెము ఊడిపోయి, పిల్ల నుదురు ముందుసీటు వెనుకనున్న గట్టి అంచునకు తగిలినది. నాలుగు కుట్లు పడినవి.

అమ్మినవారికి చెప్పగా, "అన్ని బళ్ళూ ఇంతే బాబూ, అలవాటైపోతాది" అనిరి.

ఈ సమాధానము మిక్కిలి పాతది. ప్రమాదము జరిగినప్పుడెల్ల తప్పు నడపువానిదే యనుట కంపెనీలకు పరిపాటి. 1965లో అమెరికాలో రాల్ఫ్ నేడర్ అను న్యాయవాది 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అను గ్రంథమున దీనిని ఖండించెను. బండి దేనినో ఢీకొనుట మొదటి దెబ్బ. లోపలి మనిషి ఆ బండినే ఢీకొనుట రెండవ దెబ్బ. ప్రాణము తీయునది తరచుగా ఈ రెండవదే. మరుసటి యేడే అక్కడ వాహన భద్రతాచట్టము వచ్చినది.

మన తీరవాసులు తెలిసికొనదగిన సంగతి మరియొకటి కలదు. జపానుకు చెందిన టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులలోని మందు ఏండ్లతరబడి వేడికి, గాలిలోని తేమకు చెడి, ప్రేలినప్పుడు ఇనుపతునుకలను విసరినది. కాపాడవలసినదే చంపినది! కోట్లకొలది కార్లు వెనుకకు పిలిపింపబడినవి. మన దేశమునను అట్టివి కలవు. సోంపేట, కళింగపట్నముల ఉక్కలో పాత కారు వాడువారు తమ బండి సంఖ్యతో విచారించుకొనుట మంచిది.

మనకును చట్టము లేకపోలేదు. 2019 సవరణతో మోటారు వాహనచట్టమున 110-ఎ సెక్షను చేరినది. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నది. ఏడేండ్లలోపు బండ్లపై నియమిత సంఖ్యలో ఫిర్యాదులు వచ్చినచో వానిని వెనుకకు పిలిపింపుమని ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. ఇందు చిక్కు సంఖ్యయందే యున్నది. మనవారు ఫిర్యాదు వ్రాయరు; మెకానికుచేత తీగ చుట్టించుకొందురు. బెల్టు పెట్టుకొనుమని బండి కూయుచుండగా, దాని నోరు మూయుటకు ఉత్త కొక్కెము కొని తగిలించు ఘనులను మేమెరుగుదుము. వారికి ఏ చట్టము సాయపడగలదు?

మేము మాత్రము కేంద్ర రవాణాశాఖవారి వెబ్‌సైటున ఫిర్యాదు నమోదు చేసితిమి. వినియోగదారుల సహాయకేంద్రమునకు, 1915కు, ఫోను చేసితిమి. జిల్లా వినియోగదారుల కమిషనుకు పోదుమని అమ్మినవారికి లిఖితముగా తెలిపితిమి. పదిదినములలో కొక్కెము మార్చిరి. ఆవిరి మీట మాత్రము గాజుతెరలో ఎక్కడిదక్కడనే యున్నది. మబ్బు కనబడినచో ముందే దానిని నొక్కి బయలుదేరుచున్నాము.