చెట్టు పాపలు, బొమ్మల పాటలు

చూపులేని పెట్టె ద్వారమున బొమ్మలను గూర్చి మాటలాడుట కొంత వింతగనే యుండును. శ్రోతల యెదుట పుటను విప్పి చూపజాలము. ఆకు పచ్చదనము నెంత వర్ణించినను అది చెవి కెక్కునే గాని కంటి కెక్కదు. అయినను పిల్లల బొమ్మల పాటలను గూర్చి చెప్పుటకు రేడియో తగిన చోటే యని మా నమ్మకము. తెలుగు పిల్లలు పాటను ముందు చెవితో విని, దాని బొమ్మను తమ మనస్సులో తామే గీసికొనుట తరతరాల అలవాటు. అచ్చుబొమ్మ మన యింటికి చాల ఆలస్యముగా వచ్చిన చుట్టము.

ఈ ప్రసంగమునకు కారణము మా మనుమరాలు. మేము మలక్‌పేటలో నివసించుచున్నాము. ఏడేండ్ల ఆ పిల్లకు బంధువులెవరో ఒక ఆంగ్ల పుస్తకమును కానుకగా నిచ్చిరి. సిసిలీ మేరీ బార్కర్ అను చిత్రకారిణి 1940లో వెలువరించిన పుస్తకమది. అందు ఒక్కొక్క చెట్టుకొమ్మకు ఒక్కొక్క బొమ్మ. ఆ కొమ్మమీద సీతాకోకచిలుక రెక్కలు గల ఒక చిన్న పాపయో, బాబో కూర్చుండి యుందురు. బొమ్మ చెంతనే ఆ చెట్టును గూర్చిన చిన్న పాట. బర్చ్, పైన్, విల్లో, మల్బరీ, ఇట్లు చెట్టు వెంట చెట్టు.

పిల్ల ఆ పుస్తకమును చంకన బెట్టుకొని మా సందులోని చెట్ల నన్నిటిని పరీక్షించి వచ్చినది. మా సందులో రెండు కానుగలు, ఒక వేప, ఒక ప్రహరీగోడ కావల పాత చింత యున్నవి. "తాతయ్యా, ఈ పుస్తకంలో మన చెట్టు ఒక్కటీ లేదేం?" అని యడిగినది. అది ఇంగ్లండు పుస్తకమనియు, అక్కడి చెట్లు వేరనియు చెప్పితిమి. "మరి మన వేపచెట్టు పాప ఎట్లా ఉంటుంది?" అనెను. ఈ ప్రశ్నకు మావద్ద సమాధానము లేదు. పోనీ, బొమ్మ గీసి యిత్తమని కాగితము తీసికొని వేపాకు గీసితిమి. పిల్ల వెలుపలికి పరుగెత్తి ఒక రెబ్బను తెచ్చి మా బొమ్మ ప్రక్కన పెట్టినది. మేము గీసిన ఆకు అంచు నున్నగా నున్నది. నిజమైన ఆకునకు రంపపు పండ్లున్నవి. మేము ఈనెకు రెండు వైపులను సమముగా గీసితిమి. నిజమైన ఆకులో ఒక సగము వెడల్పు, రెండవ సగము సన్నము. అరువది ఉగాదులుగా వేపపూత పచ్చడిని తినుచున్న మాకు వేపాకు ఎట్లుండునో తెలియదని ఆనాడు తేలినది.

ఈ సిగ్గుతోనే ఆ పుస్తకమును మరల తెరచి, ఈ తడవ మేము చదివితిమి. బార్కర్ 1895లో లండను సమీపమునందలి క్రాయ్‌డనులో జన్మించినది. చిన్ననాట మూర్ఛవ్యాధి యుండుటచే బడికి పోక ఇంటనే చదువుకొనినది. పూల పాపలను గూర్చిన ఆమె మొదటి పుస్తకము 1923లో వచ్చినది. ఆమె అక్క ఇంటనే చిన్నపిల్లల బడి నడపెడిది. ఆ బడికి వచ్చు పిల్లలే ఈ బొమ్మలకు నమూనాలు. ఏ చెట్టు పాపకు ఆ చెట్టు ఆకులు, పూలు, కాయలే దుస్తులు. బొమ్మ వేయునప్పుడు నిజమైన కొమ్మను ఎదుట నుంచుకొని, ఈనె తప్పకుండ, తొడిమ తప్పకుండ వేసెడిది. ఒక పుస్తకపు ముందుమాటలో ఆమె పిల్లలతో దాచకుండ ఈ మాటయే చెప్పినది: మొక్కలను నిజమైనవానిని చూచియే గీసితిని, పాపలు మాత్రము ఉత్తుత్తివారు, వారి నెన్నడును నేను చూడలేదు.

ఈ బొమ్మల పాటల మనోహరత్వమునకు మూలము ఇక్కడనే యున్నదని మాకు తోచినది. ఆకు అబద్ధమైనచో పాప నిలువదు. ఆకు నిజమైనచో పాపను గూర్చి ఎవరును సాక్ష్యమడుగరు. పిల్ల మొదట పాపను చూచి పుస్తకమును ప్రేమించును. పాప తొడిగిన గౌనును చూడబోయి ఆకును చూచును. ఆకును చూచిన కన్నులతో వీధిలోనికి పోవును. ఇందు పాట చేయు పని వేరు. బొమ్మ ఒక క్షణమును ఆపి చూపును; పాట ఆ క్షణమును కదల్చును. ఏ నెలలో పూయునో, ఏ పిట్ట వ్రాలునో, గాలికి ఏ చప్పుడు చేయునో బొమ్మలో కనబడదు. పాట చదివిన పిల్ల మరల బొమ్మను చూచును. బొమ్మను చూచి మరల పాటను పాడును. ఈ రాకపోకలలోనే చెట్టు పరిచయమగును.

అట్లయిన మన కేమున్నది? మన పిల్లల పాటల సంపద చిన్నది కాదు. ఉయ్యాలనాడే చందమామను పిలుచు పాట తెలుగు తల్లులందరకు వచ్చును. దానికి అచ్చుబొమ్మ అక్కరలేదు. తల్లి వ్రేలు చూపిన ఆకాశమే బొమ్మ. రేడియో అన్నయ్య, అక్కయ్య యని ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో పిల్లలచే పాడించినపుడు వినువారు బొమ్మలను తామే కల్పించుకొనిరి. ఆ దంపతులే 1945లో "బాల" పత్రికను స్థాపించి పాటకు బొమ్మను జతచేసిరి. బాలుడుగా నున్న బాపు గారి బొమ్మలును అందు వచ్చినవి. 1947 జూలైలో "చందమామ" వెలువడినది. ఆ పత్రిక అట్టలకు వడ్డాది పాపయ్య గారు వేసిన చిత్రములను చూచుచు పెరిగినవారు ఇప్పటికిని మనలో పెక్కుమంది కలరు. ఆ పత్రికలు రెండును నేడు రాకున్నను, బొమ్మ కొరకు నెల అంతయు ఎదురుచూచుట యెట్టిదో మాకు అవియే నేర్పినవి.

కాని ఆ బొమ్మలను తలచుకొనినపుడు మాకొక సంగతి స్ఫురించినది. మన కథలలో చెట్టు చాలవరకు ఏదో జరుగుటకు ఒక చోటు మాత్రమే. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని నడచుట మనకు జ్ఞాపకమున్నది. అతడు శవమును దించిన చెట్టు ఏ చెట్టో, దాని ఆకు ఎట్టిదో జ్ఞాపకము లేదు. చెట్టులో ఎవరో యున్నారను తలంపు మనకు కొత్త కాదు. కాళిదాసు శాకుంతలములో శకుంతల అత్తవారింటికి బయలుదేరునపుడు ఆశ్రమవృక్షములు, వనదేవతలు ఆమెకు పట్టుచీరను, లత్తుకను, నగలను ఇచ్చినట్లున్నది. కొమ్మను పట్టుకొని నిలిచిన సాలభంజికలను మన శిల్పులు రెండువేల యేండ్ల క్రిందటనే చెక్కిరి. రావికి వేపకు పెండ్లి చేయు ఆచారము మన పల్లెలలో ఎల్లరెరిగినదే. ఇంకొక వైపున, చీకటిపడిన తరువాత చింతచెట్టు క్రిందికి పోరాదని, అక్కడ దయ్యమున్నదని మా పెద్దలు మమ్ము బెదరించిరి. మేమును మా పిల్లలను అట్లే బెదరించితిమి.

మ్రొక్కదగిన దేవతయు, జడియదగిన దయ్యమును మన చెట్లమీద కలరు. ఆడుకొనదగిన తోడు మాత్రమే తక్కువ. దేవత ముందు పిల్ల చేతులు జోడించి కన్నులు మూసికొనును. దయ్యమునకు భయపడి కన్నులు మూసికొనును. రెండు విధముల చెట్టును చూడదు. తన యెత్తే యుండి, తనవలె మారాము చేయు చెట్టు పాప దొరకినపుడే కన్నులు విప్పి చూచును.

మా పేట పిల్లలకు ఈ చూపు మిక్కిలి అవసరము. ప్రక్కనున్న మూసారాంబాగు పేరులోనే తోట యున్నది. 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు పేరుమీద అది ఏర్పడెనని ప్రతీతి. నేడు తోట పేరునకే మిగిలినది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలువరకు, వేసవి వచ్చినంతనే ఈ దారులన్నియు మామిడిపండ్ల వాసనతో నిండెడివి. పండు పెట్టెలలో గడ్డిమీద పండుకొని వచ్చినది గాని, చెట్టుతో రాలేదు. మామిడిపిందెను కొమ్మపై చూడకయే పది రకముల మామిడిపండ్ల పేర్లు చెప్పగల పిల్లలు మా సందులో నున్నారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగరు వరకు మెట్రో నడచుట మొదలైన తరువాత ఒక మేలు జరిగినది. బండిలో కిటికీ ప్రక్కన కూర్చుండిన పిల్లకు చెట్ల నడినెత్తులు కంటికి సూటిగా కనబడును. దిల్‌సుఖ్‌నగరు వరకు ఎన్ని చెట్లు వచ్చునో మా మనుమరాలు లెక్కపెట్టును. పేరు తెలియని దాని లెక్కను వేరుగా పెట్టును.

అందుచే మేమొక పుస్తకము చేయనారంభించితిమి. మామూలు చిత్రలేఖన పుస్తకమే. ఒక వైపు కొమ్మ, పాప. రెండవ వైపు పాట. నియమము ఒక్కటే: కొమ్మను ఎదుట పెట్టుకొననిదే గీయరాదు. రావి పాపకు ఆకు కొననుండు పొడవైన తోకయే జడగంట. కొద్దిపాటి గాలికే గలగల లాడును. మోదుగ పాపకు చిలుక ముక్కువంటి ఎఱ్ఱని టోపీ; మూడేసి ఆకులే కుచ్చిళ్లు. మఱ్ఱికి పాప పనికిరాదని, ఊడలు జడలుగా గల అవ్వ కావలెనని పిల్లయే తీర్పు చెప్పినది. చింత వంతు వచ్చినపుడు సాయంకాలము ప్రహరీగోడ కడ నిలిచి చూచితిమి. చీకటి పడుచుండగా చిన్నచిన్న ఆకులు జంటజంటలుగా ముడుచుకొనినవి. దయ్యమునకు జడిసి మా చిన్ననాట మేము చూడని వింత యది. ఆ రాత్రి పిల్లయు, వాళ్ల అమ్మమ్మయు కలసి ఈ పాట కట్టిరి:

చీకటి పడితే చింతమ్మ
ఆకులు అన్నీ మూసింది
చుక్కలు ఆటకు పిలిచితే
పొద్దున రమ్మని చెప్పింది

పొద్దున చుక్కలు రావు గదా యని మేమంటిమి. "అందుకే కదా తాతయ్యా, వాళ్లకు ఎప్పుడూ ఆట కుదరదు" అని పిల్ల జవాబు. ఈ జవాబులో ఖగోళమున్నది, వృక్షశాస్త్రమున్నది, కొంచెము దుఃఖమును ఉన్నది. వీనిని మేము నేర్పలేదు.

ఇట్టి కల్పనలు పిల్లలకు అబద్ధములు నేర్పునని కొందరు పెద్దలు శంకింతురు. పాప ఉత్తుత్తిదని పిల్లకు మనకంటె బాగుగా తెలియును. బొమ్మలపెండ్లిలో మట్టియన్నము వడ్డించు పిల్ల దానిని తినదు. అబద్ధము వేరొక చోట నున్నది. వేపాకును జామాకువలె అచ్చువేసి క్రింద వేప యని పేరు పెట్టుట అబద్ధము. రెక్కల పాపను మాత్రము పరదేశము నుండి దింపుకొని, వెనుక ఏ చెట్టునకును చెందని ఆకుపచ్చ మరకలు పూయుట అబద్ధము. బార్కర్ నుండి మనము తీసికొనవలసినది ఆమె పాపలను గాదు. కొమ్మను ఎదుట పెట్టుకొనిన ఆమె ఓపికను.

పుస్తకములో వేప పుట సగమై యుండగా మా సందులోని వేపను కొట్టివేసిరి. ఇల్లు కట్టవలసినవారికి వారి యవసరము వారిది, మేమెవరినీ నిందింపము. సాయంకాలమునకు మొద్దు మిగిలినది. పిల్ల ఏడ్చునని మేము భయపడితిమి. అది కొంతసేపు మొద్దు చుట్టును తిరిగి, పుస్తకము తెచ్చి, "పువ్వు ఇంకా గీయలేదు, పద తాతయ్యా" అనెను. రెండు సందులు దాటి మరియొక వేపను వెదకి పట్టితిమి. పూతకాలము గడచిపోయినది, పసుపుపచ్చని పండ్లు రాలియున్నవి. పువ్వునకు చోటు విడిచి పండును గీసినది. ఆ చోటు ఇప్పటికిని ఖాళీగనే యున్నది. వచ్చే ఉగాదికి పూత రాగానే నింపవలెనని దానిపై పెన్సిలుతో వ్రాసియున్నది.

ఆ పుట మంచి బొమ్మ కాదు. పాప కాళ్లు ఒకటి పొడవు, ఒకటి పొట్టి. కాని ఆకు అంచున రంపపు పండ్లున్నవి. ఒక సగము వెడల్పు, రెండవ సగము సన్నము. ఈ ప్రసంగమును వినుచున్న ఇండ్లలో పిల్లలున్నచో, రేడియో కట్టిన పిదప వారిని వెంటబెట్టుకొని గుమ్మము దాటి, మొదట కనబడిన చెట్టు ఆకును ఒకదానిని తెచ్చి కాగితముపై పెట్టుడు. దాని పాప ఎట్లుండునో పిల్లలే చెప్పుదురు.