వసారాలో ఒక కొక్కెము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిరి పెద్దలు. ఇల్లు అలంకరించి చూడు అని కూడ చెప్పకపోవుట వారి దయ.

మన్సూరాబాదులో మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు నిర్మలు పటమెచ్చట, కొండపల్లి బొమ్మలెచ్చట అను చర్చ పది దినములు సాగెను. వసారా మాత్రము మా అమ్మగారిది. అందొక ఇత్తడి పంజరము వ్రేలాడుచుండెను, దానిలో రామచిలుక. ఊరు విడిచిపోవుచు బంధువులొకరు ఇచ్చిరి. ఇంటికి అదే అందమని వచ్చినవారెల్లరు అనుచుండగా మేమును మురిసితిమి.

ఒకనాడు బడినుండి వచ్చిన మా అమ్మాయి, “నాన్నా, చిలుకను పెంచటం నేరమట, తెలుసా?” అన్నది. విచారింపగా నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకలను కాపాడుచున్నది. పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు, ఇంట నుంచుకొనుటయు కూడదు. 1994లో జాతీయోద్యానమైన కృష్ణజింకల హరిణ వనస్థలికి ఇంత చేరువ కాపురముండియు ఈ మాట ఎరుగకపోతిమే అని సిగ్గుపడితిమి.

తలుపు తీసి వదలుదమా అన్నచో, అది రెక్కలు కత్తిరించిన పక్షి. ఎగురలేదు, మేత వెదకుకొనలేదు, పిల్లికో గద్దకో చిక్కును. కనుక అటవీశాఖవారికి అప్పగించితిమి. అమ్మగారు రెండు దినములు మాతో మాటలాడలేదు.

ఇప్పుడా కొక్కెమునకు వరికంకుల కుచ్చు కట్టితిమి; క్రింద మట్టిమూకుడులో నీరు. ఒకనాడు వచ్చిన పిచ్చుకలు మరునాడు రావు. వచ్చిననాడు నేలంతయు ఊక. ఊడ్చుట మా వంతు. అమ్మగారు మాత్రము తెల్లవారగనే పచ్చిమిరపకాయ చేతబట్టి వసారాలోనికి వచ్చి, కొక్కెము వంక చూచి, దానిని మరల వంటింటికి తీసికొనిపోవుచున్నారు.